పని నేర్పడం యజమాని పనే

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఆసుపత్రి నడిపేవారి నుంచి పాలీహౌస్ రైతు దాకా, ఫంక్షన్ హాలు యజమాని నుంచి రోడ్డు కాంట్రాక్టర్ దాకా అందరి నోటా వినిపించే మాట ఒకటుంది: ‘పని వచ్చిన మనిషి దొరకడం లేదు.’ దాని వెంటే రెండో మాట వస్తుంది: ‘నేర్పడం మా పని కాదు. అది కాలేజీలది, ఐటీఐలది, ప్రభుత్వానిది. తయారైన మనిషిని పంపితే జీతం ఇస్తాం.’ మొదటి మాట నిజం. రెండోది తప్పు. పైగా మొదటి మాట నిజం కావడానికి చాలావరకు ఆ రెండో మాటే కారణం.

ఖండించే ముందు ఆ వాదనను దాని పూర్తి బలంతో చెప్పాలి. పని రాని మనిషి చేతికి యంత్రమో, మొక్కో, రోగి నమూనానో అప్పగిస్తే నష్టం యజమానికే. నేర్పే సీనియర్ తన పని మానుకుని పక్కన నిలబడాలి. ఆరు నెలలు కష్టపడి నేర్పాక ఆ కుర్రాడు నెలకు రెండు వేలు ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లిపోతాడు. చిన్న సంస్థలకు శిక్షణ విభాగాలు ఉండవు. ఈ ప్రాంతంలో జలాశయాల చుట్టూ కాలుష్య పరిశ్రమలను నిషేధించిన జీవో 111 వల్ల పెద్ద పరిశ్రమలు పెరగలేదు. భూముల ధరలు పెరిగాక స్థానిక యువకులు ఒకచోట కుదురుగా పనిచేయడం లేదు. చదువు చెప్పడానికి ప్రభుత్వం పన్నులు వసూలు చేస్తూనే ఉంది; మళ్లీ సంస్థ సొంత డబ్బు ఎందుకు పెట్టాలి? ఇవి రోజూ సంస్థ నడిపేవారి అనుభవం నుంచి పుట్టిన మాటలు. తేలిగ్గా కొట్టిపారేయదగినవి కావు. అందుకే ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

1. ‘నేర్పడం కాలేజీ పని’

మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ పల్లెల పూలు హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. రాష్ట్రం ఏర్పడ్డాక పాలీహౌస్‌లకు ప్రభుత్వం 75 శాతం రాయితీ ఇవ్వడంతో జెర్బెరా, గులాబీ సాగు ఈ ప్రాంతంలో విస్తరించింది. జెర్బెరా పువ్వును కత్తెరతో కోయకూడదు. కాడను మొదట్లో పట్టుకుని పక్కకు వంచి లాగితే అది మొక్క నుంచి శుభ్రంగా విడిపోవాలి. కత్తిరిస్తే మిగిలిపోయిన మోడు కుళ్లి, ఆ కుళ్లు మొక్క మొదలుకు పాకుతుంది. పువ్వు మధ్యనున్న చక్రంలో బయటి రెండు మూడు వరసలు విచ్చుకున్నాకే తీయాలి. అంతకుముందే తీస్తే కాడ వాలిపోతుంది. తీశాక కాడ అడుగున గట్టిగా ఉండే రెండు మూడు సెంటీమీటర్ల భాగాన్ని తొలగించి వెంటనే నీళ్ల బకెట్‌లో పెట్టాలి, లేకపోతే కాడ నీరు పీల్చదు.

ఈ పేరా చదవడానికి నిమిషం చాలు. ఎంత వంచాలో, ఏ కోణంలో లాగాలో, మొక్క కదలకుండా రెండో చేయి ఎక్కడ ఉంచాలో వేళ్లకు తెలియాలంటే మాత్రం కొన్ని వందల పూలు తీయాలి. అన్ని వందల జెర్బెరా మొక్కలున్న తరగతి గది ఏ కాలేజీలోనూ ఉండదు. ఉన్నది పాలీహౌస్‌లో. అంటే పాఠశాల యజమాని దగ్గరే ఉంది.

ఆసుపత్రి ల్యాబ్‌లోనూ ఇంతే. సన్నని సూదితో రక్తాన్ని బలంగా లాగినా, ట్యూబును నెమ్మదిగా తిప్పే బదులు గట్టిగా కుదిపినా ఎర్ర రక్తకణాలు చిట్లుతాయి. కణాల్లోపల ఉండే పొటాషియం బయటికి వచ్చి నమూనాలో కలుస్తుంది. రోగి ఒంట్లో పొటాషియం మామూలుగానే ఉన్నా రిపోర్టులో ఎక్కువగా కనిపిస్తుంది. డాక్టరు ఆ అంకెను నమ్మితే లేని జబ్బుకు వైద్యం మొదలవుతుంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు (ఎంఎల్‌టీ) పుస్తకంలో ఈ విషయం ఉంటుంది. వణికే వృద్ధుడి చేతిలో నరం వెతుకుతూ, వెనక ఇరవై మంది వరసలో నిలబడి ఉండగా తొందరపడకుండా రక్తం తీయడం మాత్రం ఆసుపత్రిలోనే వస్తుంది.

చదువుల వ్యవస్థ ఈ సంగతిని ఎప్పుడో ఒప్పుకుంది. డిప్లొమా విద్యార్థికి ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ పెట్టింది. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ చదివినవారికి ఏడాది పాటు ఆసుపత్రి అప్రెంటిస్‌షిప్ పెట్టింది. బీఎస్సీ అగ్రికల్చర్ విద్యార్థులను చివరి ఏడాదిలో పల్లెలకు పంపి రైతుల వెంట పొలాల్లో పనిచేయిస్తోంది. ఆ పల్లెల్లో రైతు జీతం లేని అధ్యాపకుడు. ఈ మూడు ఏర్పాట్లూ బయట ఎవరో ఒకరు గేటు తీస్తేనే జరుగుతాయి. తీయకపోతే శిక్షణ పోయి, స్టాంపు వేసిన సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతుంది. తర్వాత అదే సర్టిఫికెట్‌ను చూసి ‘వీడికి పని రాదు’ అనేదీ ఆ గేటు మూసినవారే. తాను ఇవ్వాల్సిన సగం శిక్షణ ఇవ్వకుండా, మిగతా సగం ఇచ్చిన కాలేజీని మొత్తానికి దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

2. ‘నేర్పితే వెళ్లిపోతారు’

ఇది ఈ వాదనలో అన్నిటికంటే బలమైన మాట. ఎక్కువ మంది నమ్మే మాట కూడా. దీనికి హైదరాబాద్ చరిత్రే జవాబు.

1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల కర్మాగారం నడిపింది. అక్కడ పని నేర్చినవారు చాలామంది బయటికి వెళ్లారు. డాక్టర్ కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చినవారే. 1984లో ఆయన డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. హైదరాబాద్ ఈరోజు దేశానికి మందుల రాజధాని అని పిలిపించుకుంటోందంటే దాని వెనక ఒక సంస్థలో నేర్చుకుని వేరే చోటికి వెళ్లిన మనుషులున్నారు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్, సింగరేణి కూడా అప్రెంటిస్‌లను తీసుకుని పని నేర్పుతూ వచ్చిన సంస్థలే. అక్కడ చేయి తిరిగినవారిలో ఎందరో తర్వాత ప్రైవేటు కర్మాగారాలకు, సొంత వర్క్‌షాపులకు వెళ్లారు. నేర్చుకున్నవాడు వెళ్లినప్పుడు ఒక సంస్థకు జరిగిన నష్టం ఆ ప్రాంతానికి లాభమైంది. అలా వెళ్లినవారిలో కొందరే రేపటి యజమానులు.

ఈ వాదనలో తర్కలోపం కూడా ఉంది. ‘నేర్పితే వెళ్లిపోతారు’ అనే యజమాని ఇంకొకరు నేర్పిన మనిషిని తీసుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు. ‘తయారైన మనిషి కావాలి’ అన్న మాటకు అర్థమే అది. పక్కవాడు ఖర్చుపెట్టి నేర్పాలి, తాను తీసుకోవాలి. పక్కవాడూ ఇదే లెక్క వేసుకుంటే నేర్పేవారే ఉండరు. చేవెళ్ల రోడ్డు మీద ఈరోజు జరుగుతున్నది అదే. ప్రతి ఒక్కరూ కోతకు సిద్ధం, విత్తడానికి ఎవరూ లేరు.

దీనికి విరుగుడు అందరూ కలిసి నేర్పడమే. పది ఆసుపత్రులు తలా ఇద్దరికి నేర్పితే ఇరవై మంది తయారవుతారు. వారిలో ఎవరు ఎక్కడికి మారినా ఆ పదింటి మధ్యే తిరుగుతారు. శిక్షణ భాగస్వామ్యం అనే ఏర్పాటు పుట్టిందే ఇందుకు: ఒక్క సంస్థకు జూదంలా కనిపించే ఖర్చును పది సంస్థలు పంచుకుంటే అది పెట్టుబడి అవుతుంది.

ఇంకో సంగతి. నేర్చుకున్నవాడు రెండు వేల కోసం వెళ్లాడంటే అతని పనికి బయట రెండు వేలు ఎక్కువ ధర ఉందని అర్థం. అది తెలిసీ పాత జీతమే ఇస్తూ, వెళ్లిపోయాడని నేర్పడాన్ని తప్పుపట్టడం సరికాదు. అక్కడ తప్పు జీతంలో ఉంది.

3. ‘చిన్న సంస్థ ఈ భారం మోయలేదు’

భారం ఎంతో లెక్క వేస్తే ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. 2019 సవరణ నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలకు, నలుగురు పనిచేసే చోటు దాకా, ఇది ఐచ్ఛికం. అంటే 40 మంది ఉన్న సంస్థకు కనీస బాధ్యత ఒక్క మనిషి.

ఆ ఒక్కరూ ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారైతే అవే 2019 నిబంధనలు పెట్టిన కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది. ఆ లెక్కన సంస్థ మీద పడేది 5,500. ఏడాదికి 66,000. ఆ ఏడాదిలో అప్రెంటిస్ ఖాళీగా కూర్చోడు. మొదటి రెండు మూడు నెలల తర్వాత నేర్చుకుంటూనే పనికి చేయి కలుపుతాడు. ఆ శ్రమ విలువను తీసేస్తే అసలు ఖర్చు ఇంకా తగ్గుతుంది. డిగ్రీ, డిప్లొమా పట్టభద్రుల విషయంలో కేంద్రం కనీస స్టైపెండ్‌లో సగం భరించే పథకం వేరుగా ఉంది.

చిన్న సంస్థలు ఒంటరిగా చేయలేకపోతే కలిసి చేసే దారిని చట్టమే చూపింది. పలువురు యజమానులు నేరుగా గానీ, ఆమోదం పొందిన ఏజెన్సీ ద్వారా గానీ కలిసి శిక్షణ ఇవ్వవచ్చని 2014 సవరణ చెప్పింది. నలుగురు పాలీహౌస్ రైతులు కలిస్తే ఒకరి దగ్గర జెర్బెరా, ఒకరి దగ్గర గులాబీ, ఒకరి దగ్గర డ్రిప్ ద్వారా ఎరువులిచ్చే పద్ధతి, ఒకరి దగ్గర ప్యాకింగ్ నేర్పవచ్చు. నలుగురికీ విడివిడిగా లేని శిక్షణ కేంద్రం నలుగురూ కలిస్తే తయారవుతుంది.

చట్టంలో ఉన్న బలహీనతను కూడా చెప్పాలి. 2014 సవరణ జైలుశిక్షను తొలగించి జరిమానాను మాత్రమే ఉంచింది: భర్తీ చేయని ఒక్కో సీటుకు మొదటి మూడు నెలలు నెలకు 500, తర్వాత నెలకు 1,000 రూపాయలు. ఒక సీటును ఏడాదంతా ఖాళీగా ఉంచితే జరిమానా 10,500. నేర్పితే 66,000 ఖర్చు, నేర్పకపోతే 10,500. కాగితం మీద ఈ లెక్క చూసినవాడికి నేర్పకపోవడమే లాభంగా కనిపిస్తుంది. అయితే నేర్పనివాడు చెల్లించే ధర ఆ జరిమానాతో అయిపోదు. తప్పుడు రిపోర్టుతో పోయిన రోగి నమ్మకం, కుళ్లిన మొక్కలు, తప్పు వైరింగ్‌తో కాలిపోయిన మోటారు, ప్రతి మూడు నెలలకోసారి కొత్త మనిషిని వెతుక్కునే తిప్పలు ఆ పక్కన రాసుకోవాలి. అవి ఖాతాల్లో ‘శిక్షణ లేనందువల్ల నష్టం’ అనే పద్దు కింద కనిపించవు. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు.

4. ‘ఇక్కడ పరిశ్రమలే లేవు’

1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధించింది. మొయినాబాద్ మండలంలో చాలా గ్రామాలు ఆ పరిధిలోనివే. పొగ గొట్టాల ఫ్యాక్టరీలు ఇక్కడ లేవన్నది నిజం. దాని నుంచి ‘నేర్చుకునే చోటే లేదు’ అనే నిర్ణయానికి రావడం తప్పు. అప్రెంటిస్‌షిప్ అంటే లేత్ మెషిన్, ఫిట్టర్ మాత్రమే అని యాభై ఏళ్ల కిందటి చిత్రాన్ని పట్టుకుని చూస్తే అలా అనిపిస్తుంది.

ఈ రెండు మండలాల్లో ఉన్నవేమిటో చూడాలి. యెంకపల్లిలో భాస్కర మెడికల్ కాలేజీ, చేవెళ్లలో డాక్టర్ పట్నం మహేందర్ రెడ్డి మెడికల్ కాలేజీ, వాటి ఆసుపత్రులు ఉన్నాయి. ల్యాబ్, ఆపరేషన్ థియేటర్, రేడియాలజీ, ఆక్సిజన్ పైపులైన్, జనరేటర్, లాండ్రీ, రికార్డుల గది: ఒక్కో ఆసుపత్రిలో పది రకాల పనులు నేర్చుకోవచ్చు. అజీజ్‌నగర్, చిలుకూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. వాటి విద్యుత్ వ్యవస్థ, నెట్‌వర్క్, బస్సులు, ల్యాబ్ పరికరాల నిర్వహణ కూడా పనులే. రిసార్టులు, ఫంక్షన్ హాళ్లలో వంట, ఆహార భద్రత, లైటింగ్, ఏసీల మరమ్మతు ఉన్నాయి. చేవెళ్ల కూరగాయల పొలాలు, నర్సరీలు, కోళ్ల ఫారాలు ఉన్నాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు విస్తరణ ఉంది; సర్వేయింగ్, మట్టి పరీక్ష, యంత్రాల నిర్వహణ నేర్చుకోవడానికి అంతకంటే దగ్గరి పాఠం ఉండదు.

జీవో పరిధి దాటి కాస్త ముందుకు పోతే చేవెళ్ల నియోజకవర్గంలోనే పెద్ద పరిశ్రమలున్నాయి. శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో మేధా రైలు కోచ్‌ల కర్మాగారం 2023 జూన్‌లో ప్రారంభమైంది. షాబాద్ మండలం చందనవెల్లిలో, సీతారాంపూర్‌లో పారిశ్రామిక పార్కులు ఉన్నాయి. మరోవైపు గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉన్నాయి. రోజూ వెళ్లిరావడం ఖర్చు అనే అడ్డంకి సగం మందికి తొలగిపోయింది: 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా బస్సు ఉంది, చదువుకున్న ఆడపిల్ల ఉంది. ఆమెను లోపలికి పిలిచే సంస్థ దొరకడమే మిగిలింది.

5. ‘ఇక్కడి పిల్లలు పనిలో నిలవరు’

ఈ మాట ఒక తరాన్ని అవమానిస్తోంది. దీని వెనక ఉన్న వాదన ఇది: మొయినాబాద్‌లో ఎకరం ధర కోట్లకు చేరింది, భూమి ఉన్న ఇంటి కుర్రాడు నెలకు ఎనిమిది వేలకు ఎందుకు పనిచేస్తాడు?

మొదటి పొరపాటు, ఊరంతా భూస్వాములే అనుకోవడం. కౌలు రైతుకు, కూలీకి, చేతివృత్తులవారికి అమ్ముకోవడానికి ఎకరాలు లేవు. భూమి చేతులు మారి పొలం ఫాంహౌస్ అయిన రోజున ఆ పొలంలో దొరికే కూలి కూడా పోయింది. భూమి ధర పెరగడం వల్ల వారికి దక్కింది ఇంటద్దె పెరుగుదల ఒక్కటే.

రెండో పొరపాటు, భూమి అమ్మిన కుటుంబం నిలదొక్కుకుందని అనుకోవడం. భూమి ఒక్కసారే అమ్ముడుపోతుంది. ఇల్లు, పెళ్లి, కారు అయ్యాక మిగిలిన డబ్బు ఎంతకాలం వస్తుందో ప్రతి ఊరికీ తెలుసు. తండ్రికి సేద్యం వచ్చు. కొడుక్కి సేద్యమూ రాదు, మరో పనీ రాదు. ఆ ఇంటి పిల్లవాడికే పని నేర్చుకోవడం అందరికంటే అత్యవసరం.

మూడోది అసలు కారణం. నిలకడ లేదని నిందపడిన యువకుల్లో చాలామందిని పనిలో పెట్టుకున్న తీరే నిలకడ లేనిది. రాతపూర్వక ఒప్పందం ఉండదు, ఏ నెలలో ఏం నేర్పుతారో తెలియదు, నేర్చుకున్నాక జీతం ఎంత పెరుగుతుందో ఎవరూ చెప్పరు, ఏడాదయ్యాక చేతికి సర్టిఫికెట్ రాదు. మెకానిక్ షాపులో ఉస్తాద్ దగ్గర చేరిన పిల్లవాడికైనా ఒక రోజున ఇంజన్ విప్పే వంతు వస్తుందని తెలుసు. ముందు ఏముందో తెలియని పనిలో ఎవరూ నిలవరు. మెట్లు చూపిస్తే ఎక్కుతారు. మెట్లే కట్టకుండా ఎక్కలేదని అనడంలో అర్థం లేదు.

6. ‘అప్రెంటిస్ అంటే చౌక కూలీ’

ఇది ఎదుటి పక్షం నుంచి వచ్చే మాట. తల్లిదండ్రులు, కార్మిక సంఘాలు అనే మాట. ఇందులో భయం న్యాయమైనదే. శిక్షణ పేరుతో పర్మినెంట్ ఉద్యోగి స్థానంలో అప్రెంటిస్‌ను పెట్టి, ఏడాదంతా మూటలు మోయించి, మళ్లీ కొత్త బ్యాచ్‌ను తెచ్చుకునే సంస్థలు ఉన్నాయి. అలాంటివి ఉన్నాయి కాబట్టి అప్రెంటిస్‌షిప్పే వద్దనడం కల్తీ ఉందని తిండి మానేయడం లాంటిది.

చట్టం ఈ ప్రమాదాన్ని ముందే చూసింది. అప్రెంటిస్‌కు ముక్కల లెక్కన కూలి ఇవ్వకూడదు. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. శిక్షణలో గాయపడితే పరిహారం ఇచ్చే బాధ్యత యజమానిదే. శిక్షణ పూర్తిచేసినవారిని ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో ప్రతి యజమానీ తన విధానాన్ని రూపొందించుకోవాలి. అన్ని అర్హతలూ సమానంగా ఉన్నప్పుడు నేరుగా వచ్చిన అభ్యర్థి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో ఉత్తర్‌ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ రక్షణలన్నీ ఒప్పందం రిజిస్టరైన అప్రెంటిస్‌కు వర్తిస్తాయి. ‘హెల్పర్’ అనే పేరుతో నోటిమాట మీద చేరిన కుర్రాడికి ఇందులో ఒక్కటీ దక్కదు. దోపిడీ భయం ఉన్నవారు కోరాల్సింది మరింత పారదర్శకమైన అప్రెంటిస్‌షిప్‌ను. అది లేని చోట దోపిడీ ఆగదు, పేరు లేకుండా సాగుతుంది. యజమానుల నిరాసక్తత, తల్లిదండ్రుల భయం చివరికి ఒక్కచోటే కలుస్తాయి: పిల్లవాడు గేటు బయటే మిగులుతాడు.

7. ‘ప్రభుత్వం చూసుకుంటుంది’

ప్రభుత్వం చేస్తున్నది తక్కువేమీ కాదు. 2024 జూన్ 18న హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లకు శంకుస్థాపన చేశారు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను ఆధునికీకరించే ఆ ప్రాజెక్టు విలువ 2,324 కోట్ల రూపాయలు. అదే ఏడాది ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బిల్లు శాసనసభలో ఆమోదం పొందింది. ఆనంద్ మహీంద్రా దానికి ఛైర్మన్. క్యాంపస్‌కు ఎంచుకున్న మీర్‌ఖాన్‌పేట రంగారెడ్డి జిల్లాలోనిదే. చేవెళ్ల, మొయినాబాద్ ఉన్న జిల్లా అది. కేంద్రం 2024 అక్టోబర్‌లో ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం దేశంలోని 500 పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకుంది.

ఇవన్నీ పెద్ద కంపెనీలతో చేసుకున్న ఏర్పాట్లు. చేవెళ్ల యువకుడు పనిచేయబోయేది ఎక్కువగా ముప్పై మందో వంద మందో ఉన్న చోట. ఆ స్థాయి యజమాని ముందుకు రాకపోతే ఐటీఐలో కొత్త రోబో మీద నేర్చుకున్నవాడు బయటికి వచ్చి పాత యంత్రం ముందు తెల్లబోతాడు. ఐటీఐలకూ పరిశ్రమలకూ మధ్య ద్వంద్వ శిక్షణ విధానం 2016 నుంచీ ఉంది: సిద్ధాంతం ఐటీఐలో, పని సంస్థలో. దీనికి ఆదర్శమైన జర్మనీలో విద్యార్థి వారంలో మూడు నాలుగు రోజులు సంస్థలో, మిగతా రోజులు బడిలో ఉంటాడు. సంస్థలో జరిగే శిక్షణ ఖర్చు సంస్థదే. బ్రిటన్ 2017 ఏప్రిల్ నుంచి 30 లక్షల పౌండ్లకు మించిన జీతాల బిల్లు ఉన్న యజమానులపై అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ వేసింది. దారులు వేరైనా రెండు దేశాలూ ఒప్పుకున్న సూత్రం ఒకటే: శిక్షణ ఖర్చులో యజమానికి వాటా ఉంది.

ఈ సూత్రాన్ని చేవెళ్లలో అమలు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సంస్థ, కాలేజీ చేసుకునే ఒప్పందంలో (ఎంవోయూలో) ఐదు విషయాలు రాసుకుంటే చాలు. ఏ నెలలో ఏ పని నేర్పుతారు. నేర్పే సీనియర్ ఎవరు, దానికి అతని రోజులో ఎంత సమయం కేటాయించారు. నేర్చుకున్నది ఏ రోజుకారోజు రాసే లాగ్‌బుక్. చివర పరీక్ష పెట్టేవారు సంస్థ బయటివారు. స్టైపెండ్ నేరుగా బ్యాంకు ఖాతాకు. కాలేజీ వైపు నుంచి ఒక అధ్యాపకుడు నెలకోసారి పనిచోటికి వచ్చి చూడాలి. పాలీహౌస్ రైతులకు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, జీడిమెట్లలోని ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ తోడు దొరుకుతాయి. ఈ ఐదూ లేని ఎంవోయూ ఫొటో దిగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అటువంటి ఎంవోయూలు గోడకు వేలాడదీసుకున్న కాలేజీలకూ ఈ తప్పులో వాటా ఉంది.

తేలిన విషయం

‘తయారైన మనిషి కావాలి’ అన్న వాదన ప్రతిచోటా ఒకే కారణంతో కూలిపోతుంది. మనిషి తయారయ్యేది పనిచోట. ఆ పనిచోటు యజమానిది. యజమాని తలుపు మూసుకుని కూర్చుని మనుషులు తయారుకాలేదని ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు తన మీదే. యువతకు నైపుణ్యం లేదని నిందించే హక్కు నేర్పని సంస్థకు లేదు. ఈ మాట కటువుగా ఉన్నా వెనక్కి తీసుకోదగింది కాదు, ఎందుకంటే దీని ఫలితం ఎక్కువగా అనుభవిస్తున్నది సంస్థలు కావు. సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని ‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’ అనే ఒకే ప్రశ్నకు పది చోట్ల తల దించుకున్న ఇరవై ఏళ్లవారు.

చేవెళ్ల, మొయినాబాద్ యజమానులు చేయాల్సింది పెద్ద త్యాగమేమీ కాదు. పక్క కాలేజీకో, ఐటీఐకో ఫోన్ చేసి, వచ్చే విద్యాసంవత్సరానికి తమ దగ్గర ఎంతమంది నేర్చుకోవచ్చో చెప్పాలి. నలభై మంది పనిచేసే చోట చట్టం అడుగుతున్న కనీస సంఖ్య ఒకటి. ఆ ఒక్కరికి నేర్పడంతో మొదలుపెట్టాలి.